పెంటలో కవరు ముక్కలు: లోడు దించుకునే ముందు ఏం చూడాలి, దించాక ఏం చేయాలి

యాసంగి వరి కోతలు అయ్యాయంటే మా నల్గొండ జిల్లా గుర్రంపోడు, కనగల్లు వైపు పెంట (ఎరువు) తోలే పని మొదలవుతుంది. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు పోయాయి, ఇంటికొక బర్రె ఉంటే గొప్ప. సొంత పెంటకుప్ప ఒక ఎకరానికి కూడా సరిపోదు. బత్తాయి తోట ఉన్నవాళ్లకు సేంద్రియ ఎరువు లేకుండా గడవదు కాబట్టి పట్నాల తడి చెత్తతో తయారైన కంపోస్టు (సిటీ కంపోస్టు) కొంటున్నాం. 2016లో కేంద్రం టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించిన తర్వాత ఇది ఎరువుల దుకాణాల్లో బస్తాలుగా కూడా దొరికింది. విడిగా లారీల్లో, ట్రాలీల్లో వచ్చేది వేరే.

నేనూ కొంటాను. కొనొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మన చెల్క నేలల్లో సేంద్రియ కర్బనం చాలా తక్కువ, పట్నం తిన్నదాంట్లో మిగిలింది తిరిగి పొలానికి రావాల్సిందే. దాంతోపాటు కవర్లు, షాంపూ ప్యాకెట్లు, మందుగోలీల అట్టలు రాకూడదు, అంతే. మా మహిళా సంఘం ఊరి కంపోస్టు షెడ్డు కూడా చూసుకుంటుంది కాబట్టి ఎరువు కొనేవాళ్ల బాధ, తయారుచేసేవాళ్ల బాధ రెండూ నాకు తెలుసు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ముందే చెప్తాను. ప్లాస్టిక్‌ను చెత్త కుళ్ళక ముందు ఏరగలం. కుళ్ళిన తర్వాత పూర్తిగా ఏరలేం. కలిసిపోయిన చెత్తను వరుస కుప్పలుగా పోసి, నెలా పదిహేను రోజులు మిషన్లతో తిరగేస్తారు. కుప్ప లోపల వేడి 55, 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి, ఆ తిరగేయడానికి మొత్తం కవరుగా ఉన్నది వందల పీలికలవుతుంది. తర్వాత తిరిగే పెద్ద జల్లెడల్లో వేస్తారు. పెద్ద ముక్కలు పైన ఆగిపోతాయి, చిన్న పీలికలు ఎరువుతోపాటే కిందికి దిగుతాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్టులో కనీసం 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి. చాలామంది అమ్మేవాళ్లు "జల్లెడ పట్టిందే అమ్మా" అని ఇదే చూపిస్తారు. నాలుగు మిల్లీమీటర్ల కన్నా చిన్న కవరు ముక్క కూడా ఆ జల్లెడలోంచి హాయిగా దిగుతుంది. జల్లెడ పట్టారంటే ఎరువు మెత్తగా ఉందని అర్థం, ప్లాస్టిక్ లేదని కాదు.

లోడు దగ్గర

పొద్దున వెలుతురులో దించుకోండి. రాత్రిపూట వచ్చిన లోడును రాత్రే దించుకోకండి, ఎంత తొందరపెట్టినా సరే. తడిసిన నల్లటి ఎరువులో నల్ల కవరు ముక్క సెల్‌ఫోను లైటుకు కనిపించదు.

ట్రాలీ పైపొరను చూసి సరే అనుకోవద్దు. దారిలో గాలికి తేలికైన ముక్కలు ఎగిరిపోయి పైన శుభ్రంగా కనిపిస్తుంది. వెనక డోరు కొద్దిగా తీయించి మధ్యలో నుంచి, అడుగు నుంచి, మూలల నుంచి పారతో తలా ఇంత తీయించండి. పోయిన వేసవిలో ఒక లోడు ఇలాగే ఆపాను. డ్రైవరు పిల్లవాడు, "అక్కా, గింత దూరమొచ్చినం, అన్ని లోడ్లు గిట్లనే ఉంటయి, దించుకో" అన్నాడు. "మధ్యల కెళ్లి ఒక గంప తియ్యి తమ్మీ, మంచిగుంటే దించుకుంట" అన్నాను. గంప నేల మీద గుమ్మరిస్తే ముందు కనిపించింది గోలీల అట్ట, దాని పక్కన ముడి విప్పని చిన్న కవరు. కర్రీ పాయింటులో సాంబారు కట్టిస్తారే, ఆ కవరు. లోపల సాంబారు అలాగే కుళ్ళి ఉంది, బయటి ఎరువుకు ఆ వాసన లేదు. ముడి ఉన్న కవరు దొరికిందంటే ఆ చెత్తను ఎవరూ చేత్తో ఏరలేదన్న మాట. ఆ లోడు వెనక్కి పంపాను. కిరాయి ఎవరు కట్టాలన్న దాని మీద ఫోనులో చాలాసేపు వాదన అయింది. అందుకే ఇప్పుడు లోడు బయల్దేరక ముందే మాట తీసుకుంటాను: దించక ముందు చూస్తా, నచ్చకపోతే కిరాయి మీదే. మీరూ ఈ మాట ఫోనులో చెప్పి ఊరుకోకండి, వాట్సాప్‌లో రాసి పంపించి వాళ్ల చేత "సరే" అనిపించుకోండి.

చేతికి రబ్బరు గ్లౌజులు వేసుకోకుండా ఇందులో చెయ్యి పెట్టకండి. గాజు పెంకులు, బ్లేడు ముక్కలు, ఇంజెక్షను సూదులు కూడా వస్తాయి. గుచ్చుకుంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి.

కిలో ఎరువుతో పరీక్ష

కంటికి బాగానే ఉంది అనిపించినా తూకం వేసి చూడటం మంచిది. దీనికి లాబొరేటరీ అక్కర్లేదు.

లోడులో పది చోట్ల నుంచి తీసిన ఎరువును ఒకచోట పోసి బాగా కలపండి. కుప్ప చేసి, పైన అదిమి, రొట్టెను నాలుగు ముక్కలు చేసినట్టు నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేసి, మిగిలిన రెండూ మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయండి. రెండు కిలోల దాకా తగ్గేవరకు ఇలాగే. మీకు నచ్చినచోట గుప్పెడు తీస్తే అది మీ చెయ్యి ఎంచుకున్న ఎరువు అవుతుంది, లోడు ఎలా ఉందో దాంతో తెలియదు.

దీన్ని పాత సిమెంటు గచ్చు మీద పలుచగా పరిచి ఎండబెట్టండి. తడి మీద తూకం వేస్తే ఎరువు బరువు ఎక్కువై ప్లాస్టిక్ వాటా తక్కువ కనిపిస్తుంది. ఎండిన దాంట్లోంచి కచ్చితంగా ఒక కిలో తూచి, తెల్ల గుడ్డ మీద కొంచెం కొంచెంగా పోస్తూ రెండు మిల్లీమీటర్ల కన్నా పెద్దగా ఉన్న ప్రతి ప్లాస్టిక్ ముక్కా ఏరండి. ఆవగింజ కన్నా పెద్దదేదీ వదలొద్దు. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకోండి. ఒక కిలో ఏరడానికి ఒక పూట పట్టవచ్చు.

కొన్ని ముక్కలు ప్లాస్టికో, ఎండిన ఆకు పొరో, ఉల్లిపొట్టో తెలియవు. వేళ్ల మధ్య నలిపితే ఆకు పొడవుతుంది, ఉల్లిపొట్టు చిట్లుతుంది, కవరు సాగుతుంది. అప్పటికీ తెలియకపోతే కుట్టు సూదిని దీపం మీద కాల్చి ముక్క అంచుకు ఆనించండి. ప్లాస్టిక్ అయితే ముడుచుకుని కరుగుతుంది, సూదికి అంటుకుంటుంది. ఆకు, పొట్టు మసిబారతాయి గాని కరగవు.

మిగిలిన ఎరువులోంచి రెండు దోసిళ్లు బకెట్ నీళ్లలో వేసి కలిపి కాసేపు వదలండి. చేతిసంచి కవర్లు, బస్తా దారాలు నీటి కన్నా తేలిక, పైకి తేలతాయి. వాటితోపాటు గడ్డీ తేలుతుంది, వడకట్టి ఎండాక చూడాలి. నీళ్ల సీసా ముక్కలు, పీవీసీ పైపు ముక్కలు మాత్రం మునుగుతాయి. కాబట్టి బకెట్ అడుగున ఉన్నది కూడా చేత్తో దేవి చూడండి.

ఏరిన ముక్కల మట్టి కడిగి, ఆరబెట్టి తూయండి. గ్రాముల్లో చూపించే చిన్న త్రాసు కావాలి, బంగారం దుకాణంలో అడిగితే తూచి ఇస్తారు. ఇప్పుడు ఆ అంకెను దేంతో పోల్చాలి? యూరప్ దేశాల ఎరువుల చట్టం 2019లో వచ్చింది. అందులో ఎండు ఎరువు కిలోకు, రెండు మిల్లీమీటర్ల కన్నా పెద్ద ప్లాస్టిక్ 3 గ్రాములు మించకూడదని పెట్టారు. 2026 జులై 16 నుంచి దాన్ని రెండున్నర గ్రాములకు తగ్గించేట్టు అందులోనే రాసుకున్నారు. మూడు గ్రాములంటే చిన్నగా అనిపిస్తుంది. లెక్క కట్టండి: టన్నుకు 3 కిలోలు. ఎకరాకు నాలుగు టన్నులు వేస్తే 12 కిలోలు. పలుచటి కవరు ఒకటి నాలుగైదు గ్రాములు తూగుతుంది, అంటే దాదాపు రెండున్నర వేల కవర్లు పీలికలు చేసి ఒక ఎకరంలో చల్లినట్టు. వచ్చే ఏడు వేసేది దీని మీద కలుస్తుంది, ఎందుకంటే ఈ ఏడు వేసింది ఎక్కడికీ పోదు. నేను కిలోకు ఒక గ్రాము దాటితే ఆ మనిషి దగ్గర మళ్లీ కొనను. ఇది నా సొంత లెక్క, చట్టంలోంచి తీసుకున్నది కాదు. మూడు దాటితే ఉచితంగా ఇచ్చినా వద్దు.

ప్లాస్టిక్ ఎక్కువున్న లోడులో బ్యాటరీలు, రంగు డబ్బాలు కూడా కలిసి ఉండవచ్చు. అందుకే పరీక్ష రిపోర్టు అడగండి, అందులోని బ్యాచ్ నంబరు మీ లోడు నంబరుతో సరిపోవాలి. సిటీ కంపోస్టులో సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ రిపోర్టు చదవడం కష్టమైతే కంపసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి అడగండి.

ఇప్పటికే దించుకున్న లోడు ఉంటే

తిరిగి పంపలేని పరిస్థితి ఉంటుంది. అప్పుడు తూర్పార పట్టడం మనకు తెలిసిన పనే. కందులు, పెసలు తూర్పార పట్టిన చేతులకు దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే ఎరువు తడిగా ఉంటే కవరు పీలికకు మట్టి అంటుకుని బరువెక్కి అది ఎగరదు. ఉపాధి హామీలో కట్టిన కల్లం ఉంటే దాని మీద నాలుగు వేళ్ల మందాన పరిచి, గుప్పిట పట్టి వదిలితే పొడిపొడిగా రాలేదాకా ఎండబెట్టండి. టార్పాలిన్ మీద పరిచి పారతో గీకవద్దు, దాని పోగులే కొత్తగా కలుస్తాయి.

మే నెలాఖరు నుంచి పడమటి గాలి బాగా వీస్తుంది. ఆ గాలికి అడ్డంగా నిలబడి చాటతో భుజం ఎత్తు నుంచి సన్నగా వదలండి. ఎరువు కాళ్ల దగ్గర పడుతుంది, కవరు పీలికలు నాలుగైదు అడుగుల అవతలికి పోతాయి. అవతల రెండు గుంజలకు పాత నూలు చీర కట్టి ఉంచండి, లేకపోతే అవి పక్క చేనులో పడతాయి. మూతికి గుడ్డ తప్పనిసరి. గాలి లేని రోజు వడ్లు తూర్పార పట్టే ఫ్యాను పెట్టుకోవచ్చు.

సీసా మూతలు, గోలీల అట్టలు, చెప్పు ముక్కల్లాంటివి ఎగరవు. వాటి కోసం ఇసుక జల్లెడను వాలుగా నిలబెట్టి పారతో విసరండి. జల్లెడ పైన ఆగినదాన్ని చేత్తో ఏరి, పుల్లలు, పీచు తిరిగి కుప్పలో వేయవచ్చు. పని అయ్యాక ఎరువు మీద నీళ్లు చల్లి గోనె సంచులు కప్పి వారం ఉంచండి, ఎండకు తగ్గిన సూక్ష్మజీవులు మళ్లీ పెరుగుతాయి.

ఇంత చేశాక మళ్లీ కిలో పరీక్ష చేయండి. బాగా తగ్గుతుంది, సున్నా కాదు. అలాంటి ఎరువును ఆకుకూరల మళ్లలో, పశుగ్రాసం వేసే చోట, మేకలు మేసే చోట వాడకండి. గడ్డితోపాటు కవరు పీలిక పశువు కడుపులోకి పోతే అది అరగదు, బయటికీ రాదు, లోపలే ఉండ కడుతుంది. బత్తాయి పాదుల్లో వేసేవాళ్లకు ఇంకో సంగతి. బత్తాయికి తిండి తీసుకునే సన్నవేర్లు చాలావరకు పైన అడుగు లోతులోనే ఉంటాయి. మా తోటలో ఒక పాదు తవ్వితే అరచేతి వెడల్పు కవరు ముక్క అడ్డంగా పరుచుకుని ఉంది. దాని పైన మట్టి తడిగా, కింద మట్టి పొడిగా ఉంది. సన్నవేర్లు దాని అంచు దాకా వచ్చి, అంచు వెంట పక్కకు తిరిగి పోయాయి. డ్రిప్పుతో ఎన్ని గంటలు నీళ్లిచ్చినా ఆ ముక్క కిందికి నీళ్లు దిగవు.

మన సొంత పెంటకుప్పలో

పట్నం ఎరువును అంటున్నాం గాని మన కుప్పలు కూడా శుభ్రంగా లేవు. మిషను కట్టిన వరిగడ్డి మోపులకు ప్లాస్టిక్ సుతిలి ఉంటుంది. కొడవలితో కోసి గడ్డి బర్రెకు వేస్తాం, సుతిలి కాళ్ల కింద పడి పేడతో కలిసి కుప్పలోకి పోతుంది. కొట్టంలో మేకు కొట్టి, కోసిన సుతిలి కోసినట్టే దానికి తగిలించండి. దానికి అయ్యే ఖర్చు ఒక మేకు.

యూరియా బస్తాలను కొట్టం మీద, కుప్ప మీద కప్పుతాం. రెండు ఎండాకాలాలు దాటితే ఆ బస్తా చేత్తో పట్టుకుంటే పొడిపొడి అవుతుంది. ఆ దారాలు ఏరడం ఎవరి వల్లా కాదు. కుప్ప మీద కప్పడానికి గోనె సంచి, కొబ్బరి మట్ట, తాటాకు వాడండి. బస్తా గరుకుగా, తెల్లగా మారగానే తీసేయండి. మల్చింగ్ షీటు (సాళ్ల మీద పరిచే ప్లాస్టిక్ షీటు) వేసిన కూరగాయ రైతులు పంట అయ్యాక చెట్లతోపాటు దాన్ని పీకి కుప్పలో వేయకండి, ముందు షీటు చుట్ట చుట్టి పక్కన పెట్టాకే చెట్లు పీకండి.

వానపాములు ప్లాస్టిక్‌ను తినేస్తాయని అనుకునేవాళ్లు ఉన్నారు. అవి తిని అరిగించుకోలేవు. సన్న ముక్కలను మట్టితో కలిపి ఇంకా లోతుకు తీసుకుపోతాయి.

ఊరి షెడ్డులో

2019లో రాష్ట్ర ప్రభుత్వ పల్లె ప్రగతి కార్యక్రమం వచ్చాక ఊరూరికీ ట్రాక్టరు, డంపింగ్ యార్డు, చెత్త వేరుచేసే షెడ్డు వచ్చాయి. ఇంటికి తడికొక డబ్బా, పొడికొక డబ్బా ఇచ్చారు. షెడ్డు పనిచేయాలంటే ఇంటి గుమ్మం దగ్గరే వేరు కావాలి, ట్రాలీలో కలిశాక ఆ పని పది రెట్లు అవుతుంది. సంచీల మందం 120 మైక్రాన్లు ఉండాలన్న నిబంధన 2022 డిసెంబరు 31 నుంచి ఉంది, అయినా పలుచటి కవర్లు అంగట్లో తిరుగుతూనే ఉన్నాయి.

మా దగ్గర తడి చెత్తలో అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది పాల ప్యాకెట్ మూల. కత్తెరతో కట్ చేసిన ఆ చిన్న మూడు మూలల ముక్క. గోరంత ఉంటుంది, కూరగాయ తొక్కలకు అంటుకుపోతుంది. దీనికి విరుగుడు వంటగదిలోనే ఉంది: మూల పూర్తిగా తెంపకుండా, కొంచెం ప్యాకెట్‌కే అతుక్కుని ఉండేట్టు కట్ చేయాలి. షాంపూ, మసాలా ప్యాకెట్లకూ అంతే. ఈ ఒక్క సంగతి ఇల్లిల్లూ తిరిగి చెప్పాం, మూలలు బాగా తగ్గాయి. ఆడవాళ్లకు ఆడవాళ్లు చెప్తే వింటారు, మైకులో చెప్తే ఎవరూ వినరు.

ఫంక్షన్ హాలు నుంచి వచ్చే లోడును విడిగా పోయించండి. మోదుగాకు ఇస్తరి అయితే నేరుగా కంపోస్టు గుంతలోకి వేయవచ్చు. వెండిరంగు పొర ఉన్న ప్లేట్లు, కాగితం గ్లాసులు వేయకూడదు. కాగితం గ్లాసు లోపల పలుచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, కాగితం కుళ్ళి పొర మిగులుతుంది. గుడి నుంచి వచ్చే పూలలో ప్లాస్టిక్ దారం, జరీ, కర్పూరం ప్యాకెట్లు ఉంటాయి. దండను దారం లాగేశాకే వేయండి. "కంపోస్టబుల్" (కుళ్ళి ఎరువయ్యేది) అని రాసి ఉన్న కవర్లను కూడా మేం గుంతలో వేయం. అలాంటి కవర్లకు ఇచ్చే ఐఎస్ 17088 గుర్తు నిజంగానే ఉన్నా, అవి కుళ్ళడానికి పెద్ద ప్లాంట్లలో ఉండే వేడి చాలా రోజులు నిలవాలి. ఊరి గుంతలో అంత వేడి నిలవదు.

ఏరిన ప్లాస్టిక్‌ను కాల్చకండి. దొరికిన చోటే నిప్పు పెట్టడం మన దగ్గర పెద్ద అలవాటు. పీవీసీ కాలితే డయాక్సిన్ల లాంటి విషాలు వస్తాయి, ఆ బూడిద మళ్లీ అదే నేలలో కలుస్తుంది. పొడి చెత్తతోపాటు పంపించండి. పనికొచ్చేది పాతసామాను వాళ్లు తీసుకుంటారు, పనికిరాని పీలికలు కూడా సిమెంటు ఫ్యాక్టరీల కొలిమిలో ఇంధనంగా పోవచ్చు.

పొలంలో ఇప్పటికే పడిన ముక్కల సంగతి. వాటిని ఏరడానికి మంచి సమయం మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన పడిన తర్వాత రెండు మూడు రోజులు. పైమట్టి కొట్టుకుపోయి ముక్కలు తేలి, ఎండకు మెరుస్తూ కనిపిస్తాయి. ఆ రోజుల్లోనే గంప పట్టుకుని సాళ్ల వెంట తిరగండి. గట్ల మూలల్లో, నీళ్లు నిలిచి ఇంకిన చోట ఎక్కువగా దొరుకుతాయి. ఇదంతా రొటావేటరు కొట్టక ముందే అవ్వాలి. రొటావేటరు ఒక్కసారి తిరిగితే అరచేతంత ముక్క గోరంత ముక్కలైపోతుంది, తర్వాత ఎన్ని వానలు పడినా వాటిని ఏరలేరు.